టీచర్, నాకు ముప్పై రెండు లేవేం?

పేరూ ఊరూ రాయవద్దన్న ఒక టీచర్ పంపిన ఉత్తరం ఇది. ప్రకాశం జిల్లా పడమటి మెట్ట ప్రాంతంలో, ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతికి చెబుతున్నారు. పళ్ళ పాఠం వచ్చినప్పుడు చార్టు తగిలించి బట్టీ పట్టించడం ఇష్టం లేక, ఇంటి నుంచి తలా ఒక చిన్న అద్దం తెచ్చుకోమన్నారట. ఇద్దరిద్దరిని జతగా కూర్చోబెట్టి, ఒకరి పళ్ళు ఒకరు లెక్కపెట్టమన్నారు. చార్టులో ముప్పై రెండు. పిల్లల లెక్కలో ఇరవై ఒకటి, ఇరవై మూడు, ఇరవై నాలుగు. "టీచర్, నాకు తక్కువొచ్చాయి" అని ఒకడు ఏడుపు ముఖం పెట్టాడు. "పెద్దయితే వస్తాయిలే" అని సర్దిచెప్పారు. నాలుగు రకాల పళ్ళనూ అద్దంలో చూపించబోతే అగ్రచర్వణకాలు, అంటే పెద్దవాళ్ళకు కోరపన్నుకూ వెనక దవడపళ్ళకూ మధ్య ఉండే పళ్ళు, ఎక్కడున్నాయో ఆమెకే అంతుబట్టలేదు. కోరపన్ను వెనకున్న వాటినే చూపించి ముందుకు వెళ్ళిపోయారు.

అసలు గొడవ ఆ తర్వాత వచ్చింది. ఒక పాప నోరు తెరవనంది. పక్కనున్న పిల్ల బలవంతపెడితే తెరిచింది. పై ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలు. "గారపళ్ళు, గారపళ్ళు" అన్న మాట వెనక వరుస దాకా పాకిపోయింది. మర్నాడు పాప బడికి రాలేదు. ఆ తర్వాత రోజు తల్లి వచ్చి, "మా పిల్ల రోజూ పళ్ళు తోముకుంటుంది టీచర్. పాలపళ్ళు ముత్యాల్లా ఉండేవి. అందరి ముందూ నోరు తెరిపించి పరువు తీశారు" అని నిలదీసింది. హెడ్‌మాస్టారేమో "ఈ ప్రయోగాలన్నీ ఎందుకమ్మా, చార్టు ఉందిగా" అన్నారు. అదే రోజు ఇంకో అబ్బాయి నోట్లో కింది దవడ చివరి పన్ను నల్లగా గుంటపడి కనిపించింది. సాయంత్రం తండ్రికి చెబితే "పాలపన్నే కదండీ, ఎటూ ఊడిపోయేదేగా" అని నవ్వేశాడు. తాను డాక్టరు కాదు కదా అని ఈమె ఊరుకున్నారు.

"ఆ పాఠం మళ్ళీ చెప్పాలా, వదిలెయ్యాలా? ఆ తల్లికి ఏమని చెప్పను? పిల్లాడి పన్ను సంగతి నాకెందుకని ఊరుకోనా?" అని అడుగుతున్నారు.

అమ్మా,

మీరు చివర అడిగిన దానితోనే మొదలుపెడతాను. మిగతా రెండూ వారం ఆగినా ఫరవాలేదు. పన్ను ఆగదు.

ఎనిమిదేళ్ళ పిల్లల నోట్లో అన్నిటికన్నా వెనక ఉండేది చాలావరకు పాలపన్ను కాదు. ఆరేళ్ళ వయసు దగ్గర, పాలపళ్ళ వరుస అయిపోయిన చోట, దాని వెనక కొత్తగా ఒక దవడపన్ను మొలుస్తుంది. ఎడమ కుడి, పైన కింద కలిపి మొత్తం నాలుగు. ఇవి ఏ పన్నునూ ఊడగొట్టుకుని రావు. ముందు పన్ను ఊడితే పేడముద్దలో పెట్టి ఇంటి మీదికి విసురుతారు, పిల్లాడు బడికొచ్చి అందరికీ చూపించుకుంటాడు. ఈ పన్ను రావడం మాత్రం తల్లికీ తెలియదు, తండ్రికీ తెలియదు, పిల్లాడికీ తెలియదు. దీని మీద గాడులు లోతుగా ఉంటాయి. పిల్లల చేతిలో బ్రష్ అంత వెనక్కి పోదు. బిస్కెట్ పిండి, చిక్కీ ముక్క అక్కడే కూర్చుంటాయి. అందుకే పిల్లల గట్టిపళ్ళలో ఎక్కువగా పిప్పి పట్టేది ఇదే. జీవితమంతా ఉండాల్సిన పన్ను, పోతే ఆ చోట మరొకటి రాదు.

తేల్చుకోవడానికి ఒక తేలిక లెక్క ఉంది. ముందు రెండు పళ్ళ మధ్య సందు దగ్గర మొదలుపెట్టి ఒక పక్కకి లెక్కపెట్టాలి. ఒకటి, రెండు ముందు పళ్ళు. మూడు కోరపన్ను. నాలుగు, ఐదు పాల దవడపళ్ళు. ఆరోది గట్టిపన్ను. మధ్యలో ఊడిన చోటుంటే ఆ ఖాళీనీ ఒకటిగా లెక్కెయ్యాలి. ఈ లెక్క మీరు చెయ్యవద్దు, బడిలో అసలే వద్దు. ఆ తండ్రికి చెప్పి, ఇంట్లో సెల్‌ఫోన్ టార్చి వేసి ఆయన్నే లెక్కపెట్టమనండి. మీరు చెబితే "టీచరు ఊరికే కంగారుపెడుతోంది" అనుకోవచ్చు. తన వేలితో తాను ఆరు దాకా లెక్కపెట్టిన మనిషి ఆ మాట అనలేడు.

ఒకవేళ ఐదోదే అయిందనుకుందాం. అప్పుడు అది పాలపన్నే. అయినా ఆ పన్ను పదేళ్ళ నుంచి పన్నెండేళ్ళ మధ్య ఊడుతుంది, అంటే ఇంకా రెండు నుంచి నాలుగేళ్ళు దానితోనే నమలాలి. గుంట లోపలికి పోతే నొప్పి, చిగురు వాపు. ముందే పీకేస్తే అటూ ఇటూ ఉన్న పళ్ళు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి, కింద తయారవుతున్న పన్నుకు దారి ఉండదు, వంకరగా వస్తుంది. కాబట్టి ఆరైనా ఐదైనా డాక్టరుకు చూపించాల్సిందే. ఆరైతే ఈ వారమే చూపించాలి.

ఎక్కడ చూపించాలన్నది వాళ్ళ వీలునుబట్టి ఉంటుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం బడికి వచ్చి పిల్లల్ని పరీక్షిస్తుంది, వాళ్ళు చూసే వాటిలో పిప్పిపళ్ళు కూడా ఉన్నాయి. ఆ బృందం త్వరలో వచ్చేట్టుంటే పిల్లాడి పేరు రాసిపెట్టుకోండి. కానీ బడికి వాళ్ళు వచ్చేది ఏడాదికి ఒకసారి. ఇప్పుడే వచ్చి వెళ్ళి ఉంటే మళ్ళీ వచ్చేదాకా కూర్చోకూడదు, ప్రభుత్వ ఆసుపత్రిలో పళ్ళ డాక్టరున్న చోటికి పంపాలి. గుంట చిన్నగా ఉండగా వెళితే ఒక పూటలో సిమెంటు నింపి పంపేస్తారు. నరం దాకా పోయాక వెళితే రూట్ కెనాల్ అంటారు, నాలుగుసార్లు తిరగాలి, డబ్బూ కూలీ రెండూ పోతాయి. ఈ చివరి మాట తండ్రికి సూటిగా చెప్పండి, పనికొస్తుంది. మందు చెప్పడానికి డాక్టరు కావాలి. "ఇది మళ్ళీ వచ్చే పన్ను కాదేమో, ఒకసారి చూపించండి" అని చెప్పడానికి టీచరైతే చాలు.

ఇక ఆ పాప తల్లి. ఆమె కోపంలో అన్న మాటను జాగ్రత్తగా వినండి. "రోజూ తోముకుంటుంది. పాలపళ్ళు ముత్యాల్లా ఉండేవి." ఈ రెండూ నిజాలై ఉంటాయి, ఆ రెండూ కలిపితే కారణం ఎటువైపుందో కూడా తెలుస్తుంది. నేను పాపను చూడలేదు, ఖాయంగా చెప్పాల్సింది డాక్టరే. కానీ మీ ప్రాంతంలో, పై ముందు పళ్ళ మీద ఎడమకూ కుడికీ ఒకేలా అడ్డచారలుంటే మొదట అనుమానించాల్సింది తాగిన నీళ్ళని. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ అనే లవణం ఎక్కువైతే వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును మన దేశంలో వైద్యులు గుర్తించి ప్రపంచానికి రాసింది 1937లో. అదీ అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. అందులో కొంతభాగం తర్వాత, 1970లో ఏర్పడిన మీ జిల్లాలోకి వచ్చింది. అంటే ఇది ఆ పాపతో మొదలైంది కాదు, ఆమె నాయనమ్మతో మొదలైంది కూడా కాదు.

పాలపళ్ళు బాగుండి గట్టిపళ్ళు మాత్రం ఎందుకు మచ్చలతో వచ్చాయంటే, పాలపళ్ళ పైపూత చాలావరకు తల్లి కడుపులో ఉండగానూ, పుట్టిన మొదటి ఏడాదిలోనూ తయారైపోతుంది. ముందు వచ్చే గట్టిపళ్ళ పైపూత, అంటే ఎనామిల్, పుట్టిన కొన్ని నెలల నుంచి నాలుగైదేళ్ళ దాకా చిగురు లోపలే తయారవుతుంది. ఆ ఏళ్ళలో బిడ్డ తాగిన బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువుంటే పూత సరిగా గట్టిపడదు. పన్ను బయటికి వచ్చేసరికే మచ్చ ఉంటుంది, తర్వాత ముదిరి గోధుమరంగుకు తిరుగుతుంది. ఏ బ్రష్షూ దాన్ని పోగొట్టదు. పోతుందేమోనని ఇటుకపొడితో, బొగ్గుతో రుద్దే ఇళ్ళున్నాయి. రుద్దినకొద్దీ ఉన్న పూత అరిగి పళ్ళు జివ్వుమంటాయే కానీ మచ్చ పోదు.

ఆమెను బడికి పిలిపించవచ్చు. కానీ మళ్ళీ పిలిపించారంటేనే ఇంకేదో తప్పు పడుతున్నారని ఆమె అనుకుంటుంది, పైగా హెడ్‌మాస్టారి ముందు మనసు విప్పి మాట్లాడదు. ఫోన్ చెయ్యవచ్చు. మాట తేలిగ్గా అయిపోతుంది కానీ ముఖం కనబడదు, కోపం తగ్గిందో లేదో తెలియదు. ఇంటికి వెళితే ఇరుగుపొరుగు "టీచరెందుకొచ్చింది" అని ఆరా తీస్తారు, అది ఆ పాపకు ఇంకో ఇబ్బంది. ఈ మూడింటిలో నేనైతే ఇంటికి వెళ్ళడం వైపే మొగ్గుతాను, పనులైపోయి అందరూ ఇళ్ళల్లో ఉండే వేళ చూసి. వెళ్ళగానే ఫ్లోరైడ్ పాఠం మొదలుపెట్టకండి. "ఆ రోజు పాప నొచ్చుకుంది, నాకూ బాధగా ఉంది. మీ పాప శుభ్రంగానే తోముకుంటుంది. ఆ మచ్చలు తోముకోకపోతే వచ్చేవి కావు" అనండి. ఆ తల్లి బడికొచ్చి గట్టిగా చెప్పాలనుకున్నదీ అదే, అది ఒక టీచర్ నోట వినాలి ఆమె.

ఆ తర్వాత ఆమె అడిగితే నీళ్ళ సంగతి చెప్పండి. ఇంట్లో ఇంకా చిన్నపిల్లలుంటే అడగకపోయినా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు నీళ్ళు మారిస్తే బాగుపడేవి ఆ చిన్నవాళ్ళ పళ్ళు. ఫ్లోరైడ్‌కు రంగు, రుచి ఉండవు. కాచితే పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు దొరకని చోట 1.5 దాకా తప్పదని మన దేశ ప్రమాణం. గ్రామీణ నీటి సరఫరా విభాగం వాళ్ళ ప్రయోగశాలలో నీళ్ళు పరీక్ష చేస్తారు. అది ఆమె ఒక్కతే వెళ్ళి చేయించడం కన్నా బడి తరఫున మీరు బడి బోరు నీళ్ళూ, ఆ వీధి నీళ్ళూ కలిపి పంపితే మంచిది. పాప మచ్చల విషయంలో మాత్రం ఆశలు పెట్టకండి. తేలికైన మచ్చల్ని డాక్టర్లు కొంత తగ్గించగలరు, ముదురువాటిపై పంటిరంగు పూత వేయగలరు. ఎప్పుడు, ఎంతవరకు అన్నది వాళ్ళు చూసి చెప్పాలి.

పాప బడికి తిరిగొచ్చాక ఆమెను లేపి పొగడడం, లీడర్‌ని చెయ్యడం లాంటివి వద్దు. అందరి చూపూ మళ్ళీ ఆ పళ్ళ మీదికే పోతుంది. వెక్కిరించిన పిల్లలచేత అందరి ముందూ సారీ చెప్పించడం కూడా అంతే. వాళ్ళని విడిగా పిలిచి, "అది నీళ్ళవల్ల వచ్చింది, రేపు నీ తమ్ముడికీ రావచ్చు" అని చెప్పండి. తమ్ముడి మాట పిల్లలకు పడుతుంది. నీళ్ళ గురించి తరగతి మొత్తానికీ చెప్పదలిస్తే కొన్ని వారాలు ఆగి, నీటి పాఠం వచ్చినప్పుడు చెప్పండి. ఇప్పుడే చెబితే పాఠం వాళ్ళకు గుర్తుండదు, ఆ పాపే గుర్తుంటుంది.

ఇప్పుడు పాఠం. హెడ్‌మాస్టారి మాట విని చార్టుతో సరిపెట్టేస్తే గొడవ ఉండదు, పరీక్షలో పేర్లు కూడా రాస్తారు. కాకపోతే "నాకు తక్కువొచ్చాయి" అన్న పిల్లాడు తక్కువతోనే ఉండిపోతాడు. వాడి లెక్క తప్పు కాదమ్మా, వాడు సరిగ్గా లెక్కపెట్టాడు. మీ చార్టు పెద్దవాళ్ళ నోటిది.

పాలపళ్ళు మొత్తం ఇరవై. ఎనిమిది ముందు పళ్ళు, నాలుగు కోరపళ్ళు, ఎనిమిది దవడపళ్ళు. రెండున్నర, మూడేళ్ళకు అన్నీ వచ్చేస్తాయి. ఆరేళ్ళప్పుడు నేను పైన చెప్పిన నాలుగూ వెనక చేరితే ఇరవై నాలుగు. అదే సమయంలో ముందు పళ్ళు ఒక్కొక్కటే ఊడి, కొత్తవి వస్తుంటాయి కాబట్టి, మూడో తరగతిలో ఎవరికి ఎన్ని ఖాళీలుంటే అన్ని తక్కువ. ఇరవై ఒకటీ సరైనదే, ఇరవై నాలుగూ సరైనదే. పన్నెండేళ్ళ దగ్గర ఇంకో నాలుగు దవడపళ్ళు వస్తే ఇరవై ఎనిమిది. పదిహేడేళ్ళు దాటాక జ్ఞానదంతాలు నాలుగూ వస్తేనే ముప్పై రెండు. అవి చాలామందికి పూర్తిగా రావు, కొందరికి అసలే రావు. పిల్లల్ని ఇంటికెళ్ళి అమ్మానాన్నలవి లెక్కపెట్టమనండి, ఎంతమంది ఇళ్ళలో ముప్పై రెండు దొరకవో చూద్దురుగాని.

అగ్రచర్వణకాలు మీకు అంతుబట్టకపోవడానికి కారణం, అవి ఆ నోళ్ళలో లేకపోవడమే. పాలపళ్ళలో ఆ రకమే ఉండదు. పాల దవడపళ్ళు ఎనిమిదీ ఊడాక, పది నుంచి పన్నెండేళ్ళలో వాటి స్థానంలోకి వచ్చేవే అగ్రచర్వణకాలు. కాబట్టి మీ పిల్లలకు ఇప్పుడున్నవి మూడు రకాలు, నాలుగోది రాబోయేది. బోర్డు మీద దవడలో సగాన్ని ముందు పళ్ళు, కోరపళ్ళు, అగ్రచర్వణకాలు, దవడపళ్ళు అన్న క్రమంలో రెండు వరుసలుగా రాయండి: పాలపళ్ళకు 2, 1, 0, 2. పెద్దవాళ్ళకు 2, 1, 2, 3. ఆ సున్నా ఎందుకని పిల్లలే అడుగుతారు.

మీ పిల్లలకు ఇది కొత్త సంగతి కూడా కాదు. ఒంగోలు గిత్తల నేల మీది. తిరునాళ్ళలో బండలాగుడు పోటీలకు వెళ్ళని పిల్లవాడు మీ తరగతిలో ఉండడు. పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని మైకులో చెబుతుంటే విన్నవాళ్ళే. కోడెకు కింది ముందు పళ్ళు ఎనిమిది, అవి జతజతగా ఊడి గట్టిపళ్ళు వస్తుంటే దాన్నిబట్టి వయసు కడతారు. పైన ముందు పళ్ళే ఉండవు. గడ్డిని నాలుకతో చుట్టి, కింది పళ్ళను పైచిగురుకు ఆనించి తెంపుతుంది. ఇంట్లో పశువున్న పిల్లాడిని లేపి ఈ సంగతి చెప్పించండి. మీ తరగతి మొత్తం పాలపళ్ళ విభాగం దాటుతున్నదన్న మాట వాళ్ళకు ఎంత నచ్చుతుందో చూడండి.

పళ్ళ రకాలు చెప్పడానికి అద్దం కన్నా తిండి మేలు. తలా ఒక జామకాయ ముక్క ఇవ్వండి. కొరికి, మింగకుండా ఆగి, చేతిలో మిగిలిన ముక్కను చూడమనండి. తెల్లటి గుజ్జు మీద ముందు పళ్ళ బల్లపరుపు గాట్లు వరసగా ఉంటాయి. ముందు పన్ను ఊడినవాడి ముక్కలో ఆ చోట కండ గట్టులా నిలబడి ఉంటుంది. కొరికిన ముక్కను నాలుక ఎటు నెట్టిందో అడగండి. వేరుశనగ గుళ్ళను ముందు పళ్ళతో నమిలి చూడమంటే, నలగవని వాళ్ళకే తెలుస్తుంది. వెంటనే దవడకు పోతాయి, అక్కడ తిరగలిలో పడ్డట్టు నలిగిపోతాయి. చెరకు ముక్క ఇస్తే ప్రతి పిల్లాడి తలా ఒక పక్కకి వాలుతుంది, చెక్కు చీల్చడానికి కోరపన్నును వెతుక్కుంటూ. పళ్ళు కదులుతున్నవాళ్ళకు మాత్రం చెరకు ఇవ్వకండి. కొరికే పళ్ళు, చీల్చే పళ్ళు, నమిలే పళ్ళు అన్న పేర్లు అప్పుడు వాళ్ళ నోటినుంచే వస్తాయి. కుంతకాలు, రదనికలు, చర్వణకాలు అన్న పుస్తకం పేర్లు ఆ పక్కన రాస్తే పరీక్షకు కూడా ఇబ్బంది ఉండదు. హెడ్‌మాస్టారికి ముందుగా ఆ పట్టిక చూపించండి, ఆయన అభ్యంతరం సగం తగ్గుతుంది.

లెక్క కూడా వాళ్ళ చేతనే చేయించాలనుంటే చపాతీ పిండి తెచ్చుకోండి. మందంగా ఒత్తిన చిన్న బిళ్ళ ఒక్కొక్కరికి ఒక్కొక్కటి, కాగితం ముక్క మీద పెట్టి. నోట్లో పెట్టుకుని మెల్లగా కొరికి తీస్తే ముందు గీతలు, పక్కన మొన దిగిన గుంట, వెనక వెడల్పు గుంటలు అన్నీ పడతాయి. వెనక ఆరోది పడాలంటే బిళ్ళను లోపలిదాకా పెట్టుకోవాలి. ఎవరి బిళ్ళ వాళ్ళే చూసుకుని, గుర్తులు బొమ్మ గీసి, పిండిని పారెయ్యాలి. పిండి మీద పంటి ఆకారం పడుతుంది, రంగు పడదు. ఎవరి నోట్లోకీ ఎవరూ చూడనక్కర్లేదు. అద్దం పని చెయ్యాలనుకున్న పిల్లలు దాన్ని ఇంట్లో, అమ్మ దగ్గర చేసుకుంటారు.

ఇంకొక్కటి. మధ్యాహ్న భోజనంతో చిక్కీ ఇచ్చే రోజున, తిన్నాక అందరూ కుళాయి దగ్గరికి వెళ్ళి పుక్కిలించే అలవాటు ఆ వారమే మొదలుపెట్టండి. పిల్లాడి తండ్రితో ఎల్లుండి లోపు మాట్లాడండి. పాప ఇంటికి ఆదివారం లోపు వెళ్ళండి. జామకాయల పాఠం ఆ పాప బడికి వచ్చి, మళ్ళీ ఎప్పటిలా మాట్లాడుతున్న రోజున పెట్టుకోండి. ముక్క ఆ పాపకు కూడా ఇవ్వండి, కొరకమని మాత్రం బలవంతపెట్టకండి.